వెల్డరు పేరు

ఆరున్నర క్లాసుకి
జగదాంబ దగ్గర బస్సు దిగి పరుగెత్తుతాను.
సంచిలో టార్ట్స్ నోట్సు, టిఫిను డబ్బా.
వేళ్ళకి ఐస్ ఫ్యాక్టరీ బిల్లుల కార్బను మరక.

మొదటి రోజు హైమవతి మేడం
బోర్డు మీద ఒక వంకర గీత గీశారు.
"తిన్నగా ఉండాల్సింది మెలి తిరిగితే టార్టు.
నిర్వచనం తర్వాత బట్టీ పడుదురుగాని,
ముందు ఎవరికి ఏమైందో చదవండి."

ముందు నత్త వచ్చింది.
స్కాట్లండులో ఒకావిడ, స్నేహితురాలు కొనిపెట్టిన సీసా,
సగం తాగాక గ్లాసులోకి జారిన కుళ్ళిన నత్త.
కొన్నది ఆవిడ కాదు కనక ఒప్పందమంటూ లేదు.
అయినా సీసా నింపినవాడికి
తానెన్నడూ చూడని ఆ నోటి పట్ల
బాధ్యత ఉండొచ్చన్నారు జడ్జీలు.
సీసాలో నిజంగా నత్త ఉందో లేదో
చివరిదాకా ఎవరూ తేల్చనేలేదు.

అమ్మ చేపలు తోముతూ విని
"నత్తకి కేసేటే? మనం వొండుకు తినమేటి?" అంది.
కాసేపాగి,
"అయితే నానమ్మిన కవళ్ళు తిన్నోళ్ళందరూ
నాకు పొరుగోళ్ళేనా?"
అవునన్నాను.
మర్నాడు బుట్టలోంచి మెత్తబడ్డవి మూడు ఏరి
పిల్లికి వేసింది.

పక్కనే కొత్త బడి పెట్టి ఫీజు తగ్గించినవాడి మీద
పాత పంతులు వేసిన దావా,
నష్టం ఉంది, హక్కుకి భంగం లేదు, పొమ్మన్న తీర్పు,
అది మాత్రం అమ్మకి చెప్పలేదు.
మా బల్ల పక్కన
గాజు తలుపుల చేపల కొట్టు తెరిచి ఏడాది.

నాన్న ఫిషింగ్ హార్బరులో వెల్డరు.
రాత్రిళ్ళు కళ్ళు మండి
బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని పడుకుంటాడు.
అలా పడుకునే విన్నాడు సిడ్నీ రేవు కేసు:
ఓడ నూనె ఒలకబోసుకుని వెళ్ళిపోయింది,
తెట్టు తేలుతూ అవతలి జెట్టీ కిందికి చేరింది,
అక్కడ వెల్డింగు.
మేనేజరు పని ఆపించాడు, వాకబు చేశాడు,
పర్లేదనుకుని మళ్ళీ మొదలెట్టించాడు.
రెండ్రోజులకి జెట్టీ తగలబడింది.

"డీజిలా, ఫర్నేసాయిలా?"
ఫర్నేసాయిలు.
"నీళ్ళ మీద అదలా అంటుకోదు.
గుడ్డపీలికేదో తేలుంటాది. వొత్తి నాగ."
నేను లేచి కూర్చున్నాను.
అదే నాన్నా. పత్తి పీలిక.
లండన్‌లో ఐదుగురు పెద్దలు కూర్చుని
ముందుగా ఊహించలేని మంటకి
ఓడవాళ్ళు బాధ్యులు కారన్నారు.

నాన్న దుంప చక్రం తీసి
ఒంటికన్నుతో నన్ను చూశాడు.
"ఆ వెల్డరు పేరేటి?"

జిరాక్సు తిరగేశాను.
ఓడ పేరుంది, కంపెనీల పేర్లున్నాయి.
నాకు దొరకలేదన్నాను.
"ఆడికి తర్వాత ఎవులైనా పనిచ్చారా?"

డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
మా గోడ మీద రెండుసార్లు తిరిగింది.
ఒకసారి నాన్న రవ్వ పడి వలల షెడ్డు కాలితే
పదకొండు నెలలు కూలీ కోసుకున్నారు.
ఊహించగలిగినదా కాదా అని
అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

తర్వాతి వారం రిజర్వాయరు కేసు.
తెచ్చి పెట్టుకున్నది గట్టు తెంచుకుని
పక్కవాడి గనిలో పడితే ఎవరిది భారం?
మేడం వివరిస్తూ గాలి దాకా వచ్చి ఆగిపోయారు.
ఈ ఊళ్ళో ఆ ముక్క ఎవరికీ వివరించక్కర్లేదు.

నిన్న టిఫిను డబ్బా ఇవ్వడానికి
నాన్న ఐస్ ఫ్యాక్టరీకి వచ్చాడు.
అమ్మోనియా పైపు కింద నిలబడి
ముక్కు ఎగబీల్చాడు, వేలితో చూపించాడు.

బిల్లు పుస్తకంలోనే రాశాను, కార్బను వేసి:
మూడో జాయింటు తుప్పు. చెమ్మ. వాసన.
చూసి చెప్పినవారు: గరికిన మసేను, వెల్డరు.
తేదీ. టైము.
మేనేజరు "చూద్దాంలేమ్మా" అంటూ సంతకం గీకాడు,
తను దేనికి సంతకం పెట్టాడో చదవకుండా.

ఇక ఊహించలేదని అనడానికి లేదు.

కాపీ చింపి నోట్సులో
నత్త పేజీ దగ్గర పెట్టుకున్నాను.
బస్సు వెళ్ళిపోయింది.
క్లాసు మొదలై ఉంటుంది.